ఫోటోలోని చెయ్యి

"శుక్రవారం పొద్దున మీ ఆయన ఏ టైముకు పోయిండు?"

"చాయ్ కూడా తాగలేదక్కా. ఎనిమిది కాకముందే బండి తీసిండు."

"పోలీసులు?"

"పదింటికి వచ్చిన్రు. నేను అప్పుడే షట్టర్ లేపుతున్న."

యశోద ఇలా అడుగుతూ, జవాబులు వింటూనే గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. నడవడానికి అక్కడ పెద్దగా చోటు లేదు. చండ్రుగొండ బజారులో ఒక ఇరుకు మొబైల్ రిపేరు దుకాణం అది. సొరుగులన్నీ బయటికి లాగి ఉన్నాయి. నేల మీద పడ్డ చిన్న చిన్న స్క్రూలు చెప్పుల కింద కరకరమంటున్నాయి. యశోదకు ఒకచోట కూర్చుని ఆలోచించే అలవాటు లేదు. ఖమ్మంలో ఆమె నడిపే డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీలు వచ్చినవాళ్ళ కోసమే.

ఎదురుగా ఉన్న ఉషారాణి మాత్రం స్టూలు మీద నుంచి కదల్లేదు. నాలుగు రోజులుగా ఆమె భర్త రూప్‌సింగ్ జాడ లేదు. దుకాణం ఇద్దరిదీ. అతను ఫోన్లు విప్పి బాగు చేస్తాడు, ఆమె కౌంటరు చూసుకుంటూ స్క్రీన్లు బిగిస్తుంది. శుక్రవారం కెల్విరా అనే పెద్ద ఫోన్ల కంపెనీ మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. తమ పేరు వేసిన నకిలీ సామాను దొరికిందని ట్రేడ్‌మార్క్ కేసు పెట్టించారు. కంపెనీ ముద్ర ఉన్న స్క్రీన్లు, వెనక మూతలు, బ్యాటరీలు సంచుల్లో కట్టి తీసుకెళ్ళారు. బయట బోర్డు మీద 'కెల్విరా ఫోన్లు బాగుచేయబడును' అని రాసుకోవడం కూడా నేరాల్లో ఒకటిగా చేర్చారు. రూప్‌సింగ్ పరారీలో ఉన్నాడని ఎస్సై తేల్చేశాడు.

"పోలీసులు వస్తున్నరని ముందే తెలిసి పారిపోయిండంటున్నరు," అంది యశోద.

"తెలిస్తే సామాను దాచడా అక్కా? నన్నొక్కదాన్ని వాళ్ళ ముందట నిలబెట్టి పోతడా?"

యశోద తల ఊపింది. తనకూ మొదట తట్టిన ప్రశ్న అదే.

"స్క్రీన్ల సంగతి నిజం చెప్పు. నువ్వు దాస్తే కోర్టుల నేను తల దించుకోవాలె. నకిలీవేనా?"

"పాత ఫోన్లల్ల తీసినయి. ఖరాబైన ఫోను కొంటం, అందుల మంచిగున్న స్క్రీను తీసి ఇంకోదానికి ఏస్తం. ముద్ర వాళ్ళు కొట్టిందే. మేమేడ కొడ్తం?"

"మరి బ్యాటరీలు?"

ఉషారాణి లేచి వెనక గది తలుపు తీసింది.

అది గది అనడానికి లేదు, మెట్ల కింద మిగిలిన జాగా. అందులో ఒక ఇనుప బకెట్, దాన్నిండా ఇసుక. యశోద మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసింది. ఇసుక చదునుగా లేదు. నలుచదరపు గుంతలు వరసగా ఉన్నాయి. ప్రతి గుంతా మధ్యలో కాస్త వెడల్పుగా ఉంది. సామాను తీసినవాళ్ళు తొందరలో ఇసుకను నేల మీదకు కూడా చిమ్మారు.

"ఉబ్బిన బ్యాటరీలు," అంది యశోద.

"అవ్. అంటుకుంటే మంట బయటికి రావద్దని ఇసుకల పెడ్తడు."

"ఒక్క దుకాణానికి ఇన్ని ఉబ్బినయి ఎట్లొచ్చినయి?"

"ఆయన వారానికొకసారి భద్రాచలం అవతలి సంతలకు పోయి బల్ల ఏసుకుంటడు. అక్కడి ఊర్లోళ్ళు తెచ్చిచ్చిన్రు. అన్నీ ఒక్కటే రకం కెల్విరా ఫోన్లు. భద్రాచలంల గోపాలు అని ఒకాయన అమ్ముతడు. కొత్తయే అక్కా, సీలు ఉన్న డబ్బాల్లోయి. ఎండాకాలం మొదలయిందో లేదో వీపు ఉబ్బి మూతలు లేచినయి. ఒక ముసలామె తల కింద పెట్టుకుంటే దిండు కాలింది. అప్పటిసంది ఈయనకు నిద్ర లేదు. ఎవరు తెచ్చినా బ్యాటరీ తీసి ఉంచుకుని, వేరేది ఏసి పంపిండు."

"ఈ సంగతి ఎవరికన్నా చెప్పిండా?"

"కంపెనీకే చెప్పిండు. ఉగాది అయినంక ఫోన్ చేసిండు, ఫోటోలు పంపిండు. మీ మనిషి ఒకరొచ్చి చూడాలె, ఇంకా ఎంతమంది కాడ ఉన్నయో అన్నడు. వస్తమన్నరు." ఉషారాణి బకెట్ వైపు చూసింది. "వచ్చిన్రు. పోలీసులను తోల్కొని."

యశోద లేచి చేతుల ఇసుక దులుపుకుంది. ఈసారి ఆమె నడవలేదు, ఉన్నచోటే ఆగిపోయింది.

బయట కారు ఆగిన చప్పుడైంది. గాజు తలుపు అవతల ఒక మనిషి ఫోన్ పైకెత్తి బోర్డును ఫోటో తీస్తున్నాడు. యశోద అతన్ని చూడగానే గుర్తుపట్టింది. సంతోష్. ఒకప్పుడు ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేశారు. ఇప్పుడతను కంపెనీల తరఫున నకిలీ సరుకు పట్టిస్తాడు. శుక్రవారం పోలీసులతో వచ్చింది అతనే.

"యశోద మేడం," అన్నాడు అతను లోపలికి వస్తూ. "మీరు ఈ కేసులున్నరని తెల్వదు."

"బోర్డు ఫోటో మొన్ననే తీసుకోలేదా?"

"రేపు కోర్టుకు కొత్తది కావాలన్నరు. తీసేయమన్నా తీయలేదని చూపియ్యాలె."

"రేపు కోర్టుల ఏముంది?"

"పట్టిన సామాను ధ్వంసం చేయనీకి పర్మిషన్ అడుగుతున్నం. బ్యాటరీలు గదా, స్టేషన్‌ల పెట్టుకుంటే ప్రమాదం."

"కేసు తేలకముందే కాలబెడ్తరా?"

"నకిలీ బ్యాటరీ పేలితే జిమ్మేదారు ఎవరు? మీరా?"

"నకిలీ అని ఎవరు చెప్పిన్రు?"

"కంపెనీ ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చిండు."

"ఆయన చండ్రుగొండకు ఎప్పుడొచ్చిండు?"

సంతోష్ విసుగ్గా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "రావాల్సిన పనేముంది? ఫోటోలు చూసి ఇచ్చిండు."

"అంటే ఇది మాది కాదు అని కంపెనీయే చెప్తది. కేసు కంపెనీయే పెడ్తది. రేపు కంపెనీయే కాలబెడ్తది. ఇంక జడ్జిగారు చూసేది ఏముంటది, బూడిదనా?"

"చట్టం నేను రాయలే మేడం." అతని గొంతు గట్టిపడింది. "మీరు గరీబోళ్ళ దుకాణం అని అటు దిక్కు నిలబడ్డరు. పోయినేడు మధిర కాడ ఒక నకిలీ ఛార్జరు పసిపాప చెయ్యి కాల్చింది. ఆ పాపను నేను చూసిన. ఆ రోజుసంది ఈ పని నాకు ఒట్టి నౌకరీ కాదు."

"అయితే నువ్వూ నేనూ వెతికేది ఒక్కటే. నీకు ఈ దుకాణం మీద ఎవరు చెప్పిన్రు?"

"అది చెప్పను."

"ఇన్‌ఫార్మర్ ఉన్నడా?"

"ఉన్నడు. లోపలి నుంచి ఫోటోలే తీసి పంపిండు." అతను మళ్ళీ ఫోన్ తీశాడు. ఆమె నోరు మూయించాలనే పట్టుదల అతని ముఖంలో కనిపించింది. "చూడున్రి. మీరే చూసుకోన్రి."

ఫోటోలో చెక్కబల్ల మీద ఉబ్బిన బ్యాటరీ ఒకటి ఉంది. కెల్విరా ముద్ర స్పష్టంగా కనబడుతోంది. పక్కన ఇనుప స్కేలు నిలబెట్టి ఉంది. స్కేలును పట్టుకున్న ఆడమనిషి చెయ్యి మణికట్టు దాకా పడింది.

యశోద భుజం మీదుగా ఉషారాణి తొంగిచూసింది.

"అది నా చెయ్యి," అంది.

ఉషారాణి తన కుడిచేతిని తెచ్చి ఫోన్ పక్కన పెట్టింది. బొటనవేలి మొదట్లో నెలవంక పచ్చబొట్టు. ఫోటోలోనూ అదే చోట, అదే వంపు.

"ఈయన ఫోటో తీస్తుంటే స్కేలు నేనే పట్టుకున్న. ఎంత లావు ఉబ్బిందో కంపెనీకి తెల్వాలె గదా అన్నడు."

సంతోష్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. చేతిని చూశాడు. మళ్ళీ ఫోటోను చూశాడు.

"ఇది ఎవరిచ్చిన్రు నీకు?" యశోద మెల్లగా అడిగింది.

"నాగరాజు సార్. ఖమ్మంల కంపెనీ ఏరియా మేనేజరు. మా మనిషి ఒకడు దొంగతనంగా తీసిండన్నడు."

"దొంగతనంగా తీసే ఫోటోకు ఇంటామె స్కేలు పట్టుకుని నిలబడ్తదా?"

సంతోష్ ఫోన్ తెర ఆర్పేశాడు.

"ఈమె మొగుడు కంపెనీకి ఫిర్యాదు చేసిండు సంతోష్. మీ ఫోన్లు ఉబ్బుతున్నయి, వచ్చి చూడున్రి అని. ఆ ఫిర్యాదుతోటి పంపిన ఫోటో ఇది. నువ్వు ఎవరి మీద కేసు పెట్టినవో, నీ ఇన్‌ఫార్మర్ ఆయనే. ఇప్పుడు ఇంకోటి చెప్పు. పొద్దున్నే రాకుండ పదింటిదాకా ఎందుకు ఆగిన్రు?"

"నేను ఏడింటికే పోదామన్న." సంతోష్ మాటలు వెతుక్కున్నాడు. "నాగరాజు సారే వద్దన్నడు. ఆ మెకానిక్ బయటికి పోయినంక నేను చెప్త, అప్పుడు పోన్రి అన్నడు. కొట్లాట కాకుండ ఉంటదేమో అనుకున్న."

"రూప్‌సింగ్ ఇక్కడ ఉంటే ఎస్సై ముందట ఫిర్యాదు సంగతి బయటపడ్తుండె. అందుకు. కాని ఆయన ఆ పొద్దు బయటికి పోతడని ఖమ్మంల కూసున్న నాగరాజుకు ఎట్ల తెల్సు?" ఆమె ఉషారాణి వైపు తిరిగింది. "ఎవరు పిలిస్తే పోయిండు?"

"గోపాలు ఫోన్ చేసిండు. జల్దీ రమ్మన్నడు. ఆనాడే నేను అడిగితే రాలేదన్నడు."

యశోద అప్పటికే వాకిట్లో ఉంది. సంతోష్ ఆమె వెంట వచ్చి కారు తాళం తీశాడు.

"నువ్వు కంపెనీ మనిషివి," అంది యశోద.

"అవునో కాదో గోపాలును అడిగినంక చెప్త. ఎక్కున్రి."

దారి పొడవునా సంతోష్ ఫోన్ మోగుతూనే ఉంది. తెర మీద నాగరాజు పేరు. అతను ఎత్తలేదు. కొత్తగూడెం దాటాక వెనక సీట్లోంచి ఉషారాణి, "ఎత్తకపోతే ఆయనకు అనుమానం రాదా?" అని అడిగింది. యశోద కిటికీలోంచి చూస్తూ, "వచ్చే ఉంటది," అంది.

భద్రాచలం బస్టాండు వెనక సందులో గోపాలు దుకాణం. ముప్ఫై ఐదేళ్ళ మనిషి. ఆ ఎండలో మణికట్టు దగ్గర గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఉషారాణిని చూడగానే కౌంటరు వెనక నుంచి లేచి నిలబడ్డాడు.

"రూప్‌సింగ్ శుక్రవారం నీకాడికి వచ్చిండు," అంది యశోద.

"రాలేదు మేడం. పిలిచిన మాట నిజమే. రాలే."

"ఎందుకు పిలిచినవ్?"

"ఒక ఫోను చూపిద్దామని."

"జల్దీ రమ్మన్నవు. రాలేదు. మళ్ళీ ఎన్నిసార్లు చేసినవ్?"

గోపాలు పెదవులు తడుపుకున్నాడు.

"నాలుగు దినాలాయె. ఈమెకన్నా ఒక్కసారి చేసినవా, మీ ఆయన రాలేదేంది అని? పిలిచినోడు రాకపోతే మళ్ళీ ఫోన్ చేస్తరు గోపాలూ. వచ్చినోనికైతేనే చేసే పని ఉండదు."

"మర్చిపోయిన మేడం."

"చొక్కా చేతుల గుండీలు విప్పు."

"ఎందుకు?"

"కాలిన పుండ్ల మందు వాసన దుకాణం బయటికే వస్తుంది. విప్పు."

అతను విప్పలేదు. సంతోష్ కౌంటరు దాటి లోపలికి వెళ్ళాడు. అప్పుడు గోపాలు తనే చొక్కా చెయ్యి పైకి లాగాడు. ముంజేతి మీద వెంట్రుకలు లేవు. చర్మం ఎర్రగా కమిలి, తెల్లటి మందుతో మెరుస్తోంది.

"నాకు తెల్వదు మేడం గట్లయితదని," అని కూలబడ్డాడు. "నాగరాజు సార్ చెప్తే పిలిచిన. పదకొండు దాకా కూసోబెట్టు, ఇంక నీకేం పని లేదన్నడు. నాకు సరుకిచ్చేది ఆయనే. కంపెనీ వాపస్ పంపమన్న స్టాకట. పంపకుండ నాకిచ్చిండు. నాకది మొన్నమొన్ననే తెల్సింది."

"శుక్రవారం సంగతి చెప్పు."

"ముచ్చట పెట్టనీకి ఒక కొత్త డబ్బా తీసిచ్చిన. సీలు ఆయనే తీసిండు. ఛార్జింగ్ పెట్టి చూసిండు. వేడయితుందని చేతుల పట్టుకుని మొకం కాడికి తెచ్చుకున్నడు..." అతను చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "మొకం మీదనే పేలింది."

ఉషారాణి కౌంటరు అంచు పట్టుకుంది.

"బతికున్నడా?"

"బతికున్నడు వదినా. నేనే దవాఖానాల ఏసిన. పొయ్యి మంట తగిలిందని చెప్పిన. పేరు రాందాస్ అని రాయించిన. అన్నీ నాగరాజు సార్ చెప్పినట్టే. రెండు దినాలు ఆగు, పెద్ద దవాఖానాకు మేమే తీస్కపోతం, అప్పటిదాకా ఆయన ఫోను బంద్ పెట్టు అన్నడు."

"నేను నాలుగు దినాలసంది బావులెంబడి, పట్టాలెంబడి చూసుకుంట తిరుగుతున్న," అంది ఉషారాణి. గొంతు పెంచలేదు. "ఒక్క మాట చెప్తే నీకేం పోయేది?"

గోపాలు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

యశోద సంతోష్ ముఖం చూసింది. అతను లెక్క కట్టుకున్నది ఆమెకు అర్థమైంది. రూప్‌సింగ్ సీలు తీసిన ఫోను కంపెనీ డబ్బాలోంచి వచ్చింది. రిపేరు చేసినవాడి చెయ్యి దాని లోపల పడలేదు. బ్యాటరీలు నకిలీవి కావని చెప్పడానికి రేపు కాలిపోబోయే సంచులే ఉండనక్కర్లేదు. రూప్‌సింగ్ నోరు తెరిస్తే చాలు.

"ఏ దవాఖానా?" అంది యశోద.

గోదావరి వైపు దిగే వీధిలో రెండంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి అది. పై అంతస్తులో కాలిన గాయాల గది. నర్సు పేరు పుష్ప అని ఆమె కోటు మీద కుట్టి ఉంది. రాందాస్ పేరు చెప్పగానే ఆమె చేతిలో పని ఆపింది.

"ఆయన లేడు మేడం. పొద్దున తీస్కపోయిన్రు. ఖమ్మం పెద్ద దవాఖానాకన్నరు."

గది మూలన ఉన్న మంచం మీద దుప్పటి ఇంకా మార్చలేదు. దిండు మీద పసుపుపచ్చ మరకలు. ఉషారాణి వెళ్ళి ఆ దిండు మీద చెయ్యి పెట్టింది.

"ఆయన ఏమన్నా మాట్లాడిండా?"

"గొంతు వాచింది, మాట సరిగ రాదు. మత్తుల 'ఉషా, ఉషా' అంటుండె. నువ్వేనా అమ్మా?"

ఉషారాణి తల ఊపింది.

"డాక్టరు గారు కదిలియ్యొద్దన్నరు," పుష్ప యశోదతో అంది. "దారిల ఊపిరి ఆడకపోతే కష్టమని గట్టిగ చెప్పిన్రు. ఆయన వినలే. జిమ్మేదారి మాది అన్నడు."

"ఎవరాయన?"

"కంపెనీ ఆయన మేడం. మెడల కార్డు ఏసుకున్నడు. పేరు కూడ చెప్పిండు, సంతోష్ అని."

యశోద పక్కకు తిరిగింది. సంతోష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఈయనను ఎప్పుడన్నా చూసినవా?" అని యశోద నర్సును అడిగింది.

పుష్ప అతన్ని ఎగాదిగా చూసింది. "లేదు. ఆయన ఇంకా పొట్టి. బట్టతల. ఈయన ఎవరు?"

"ఆ బట్టతల ఆయన నాగరాజు," అన్నాడు సంతోష్. "నాగరాజే. నా కార్డు గడువు అయిపోయిందని, కొత్తది ఇప్పిస్తనని పోయిన వారం తీసుకున్నడు."

"అంటే రూప్‌సింగ్‌కు ఏమన్నా అయితే..."

"ఆఖర్ల ఆయనను తీస్కపోయింది నేనే అయిత. కేసు పెట్టింది నేనే, దుకాణానికి వచ్చింది నేనే." అతను గోడకు చెయ్యి ఆనించాడు. "మేడం, పొద్దుటిసంది నాగరాజు ఫోన్ చేసింది నేను ఎక్కడున్ననో కనుక్కోనీకి."

యశోద పుష్ప దగ్గరికి వెళ్ళింది. "ఏ బండిల తీస్కపోయిన్రు? అంబులెన్సా?"

"కాదు. తెల్ల కారు. ఎనక సీట్ల పండబెట్టిన్రు. ఆక్సిజన్ పెట్టమంటే అక్కర్లేదన్నడు. నా మనసు ఒప్పలేదు మేడం, ఈ కిటికీల నుంచి చూసుకుంట నిలబడ్డ."

యశోద కిటికీ దగ్గరికి నడిచింది. కింద వీధి, వీధి చివర కూడలి. కుడికి తిరిగితే గోదావరి మీది వంతెన. ఖమ్మం పోవాలంటే వంతెన దాటక తప్పదు.

"కుడి దిక్కు తిరిగిందా?"

"లేదు మేడం," అంది పుష్ప. "ఎడమ దిక్కు పోయింది. చర్ల రోడ్డు మీదికి."

ఆ రోడ్డులో దీనికంటే పెద్ద ఆసుపత్రి లేదు. ఊళ్ళు పలచబడి, ఆ తర్వాత అడవి మొదలవుతుంది. యశోద వెనక్కి తిరిగేసరికి మంచం దగ్గర ఎవరూ లేరు. మెట్ల మీద ఉషారాణి కాళ్ళ చప్పుడు అప్పుడే కింది అంతస్తు దాటుతోంది.